కొత్త చేప వస్తోందా చెల్లాయ్, కాస్త ఆగు

ట్యాంకు పెట్టి ఆరు నెలలయింది. నువ్వు గదిలోకి అడుగు పెట్టగానే రెండు నీమో చేపలూ అద్దం దగ్గరికి వచ్చేస్తున్నాయి. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఇంకేం, కుడిపక్క ఖాళీగా ఉన్న ఆ రాయి నిన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. దానిమీద రెండు పగడాలు పెడితే ఎంత బావుంటుందో! పక్కన పసుపుపచ్చ చేప ఒకటి, ఎర్రచారల రొయ్య ఒకటి... షాపువాళ్ళు పంపిన వీడియో ఇప్పటికి ఎన్నిసార్లు చూశావో నీకే తెలుసు. ఆ వెంటనే గుబులు. వచ్చింది ఉన్నవాటికి జబ్బు తగిలిస్తే? రాత్రి వదిలింది తెల్లారేసరికి తేలిపోతే? "చెరువుల నిండా రొయ్యలుండగా ఇంట్లో ఈ ఉప్పునీళ్ళ గోలేమిటమ్మా" అని అత్తగారు ఎలాగూ అంటారు. ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాం. కానీ మన చేతులమీదుగా ఓ ప్రాణం పోతే మనసు ఊరుకుంటుందా?

ముందు ఇలా కూర్చో. టీ చల్లారకముందే ఒక సంగతి చెప్తాను. భీమవరం ఆడపడుచులం, ఈ విద్య మనకి కొత్తేం కాదు. చెరువులో సీడ్ వదిలేటప్పుడు మరిదిగారు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకో. పీసీఆర్ రిపోర్టు చూడకుండా హ్యాచరీ నుంచి సీడ్ ఎత్తుతారా? మన చెరువు సెలినిటీ ఎంతో ముందే ఫోన్ చేసి చెప్పి, పిల్లల్ని దానికి దగ్గరగా అలవాటు చేయించి తెప్పించుకుంటారు. చల్లపూట సంచులు నీళ్ళమీద తేలేసి, వేడి కలిసేదాకా ఆగి, అప్పుడు గదా మూతి విప్పుతారు! ఇంట్లో ట్యాంకుకీ ఇదే పద్ధతి. తేడా ఒక్కటే. అక్కడ లక్షల పిల్లల్లో కొన్ని పోయినా పంట చేతికొస్తుంది. ఇక్కడ ఉన్నది ఒకటే చేప, దానికి పిల్లలు పేరు కూడా పెట్టేసి ఉంటారు.

అసలు క్వారంటైన్ అనే మాటకి మన ఊళ్ళో ఉన్నంత విలువ ఇంకెక్కడుంటుంది చెప్పు. 1994 ప్రాంతంలో వైట్ స్పాట్ వైరస్ వచ్చి టైగర్ రొయ్యని ఊడ్చేసింది. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ళల్లో బంగారం బ్యాంకుకెళ్ళిందో మన అమ్మల్ని అడిగితే చెప్తారు. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక, విదేశాల నుంచి దిగే తల్లి రొయ్యల్ని నేరుగా హ్యాచరీలకి పోనివ్వలేదు. చెన్నై దగ్గర నీలాంకరైలో వాటికోసం క్వారంటైన్ కేంద్రం పెట్టారు. అక్కడ ఉంచి, పరీక్షలు చేసి, జబ్బు లేదని తేలాకే బయటికి వదులుతారు. మన ఊరి అన్నం గిన్నెకి అంత కాపలా ఉంది. హాల్లో ట్యాంకుకి మాత్రం చేప వచ్చిన సాయంత్రమే దభీమని వదిలేస్తామా?

కాబట్టి మొదటి ఖర్చు చేప మీద పెట్టకు, ఇంకో చిన్న ట్యాంకు మీద పెట్టు. డెబ్భై ఎనభై లీటర్లు పట్టేది చాలు. అందంగా ఉండక్కర్లేదు, వసారాలో ఎండ తగలని మూల పెట్టుకో. అడుగున ఇసుక వద్దు, రాళ్ళు వద్దు. ఒక స్పాంజి ఫిల్టరు, గాలి మోటారు, దాక్కోడానికి ప్లంబరు మిగిల్చిన పీవీసీ పైపు ముక్కలు నాలుగు, పైన మూత. మూత మర్చిపోకు, కొత్త చేపలు బెదిరి గెంతేస్తాయి. ఆ స్పాంజిని మాత్రం నెలరోజుల ముందే పెద్ద ట్యాంకు ఫిల్టర్లో పడేసి ఉంచు. అమ్మోనియాని తినే బాక్టీరియా అందులో కాపురం పెడుతుంది. లేకపోతే చిన్న ట్యాంకులో చేప తన మలినంలోనే తాను ఉక్కిరిబిక్కిరవుతుంది. దీని వల, దీని పైపులు, దీని బకెట్టు వేరు. పనమ్మాయికి కూడా చెప్పి ఉంచు.

కొత్త చేప నెలరోజులు తక్కువ కాకుండా ఆ చిన్న ట్యాంకులోనే ఉండాలి. "అన్ని రోజులా అక్కా!" అంటావని తెలుసు. ఉప్పునీటి చేపలకి వచ్చే తెల్లమచ్చల జబ్బు ఉంది, రొయ్యల వైట్ స్పాట్‌తో దీనికి సంబంధం లేదు. అది వైరస్, ఇది కంటికి ఆనీ ఆనని పరాన్నజీవి. ఒంటిమీద ఉప్పురవ్వలు చల్లినట్టు కనిపిస్తుంది. కొన్ని రోజులకి మచ్చలు రాలిపోతాయి. తగ్గిపోయిందని మనం దేవుడికి దండం పెట్టుకుంటాం. అదేమో అడుగుకి దిగి, రాళ్ళకి అతుక్కుని, ఒక్కో గూటి నుంచి వందల పిల్లలై మళ్ళీ చేపమీదకి లేస్తుంది. పెద్ద ట్యాంకులోకి ఒకసారి దూరిందా, చేపలన్నిటినీ బయటికి తీసి రెండున్నర నెలలు ఖాళీగా ఉంచితే గానీ వదలదు. దానికి రాగి మందు ఉంది, పనిచేస్తుంది. కానీ రాగి రొయ్యకీ పగడానికీ విషం. అందుకే మందు వేసేదేదైనా చిన్న ట్యాంకులోనే, అదీ రాగి టెస్టు కిట్టుతో కొలుచుకుంటూనే. ఇప్పుడు చెప్పు, ఆ నెల మనకి ఎక్కువా?

ఇక ప్యాకెట్ వచ్చే రోజు. చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో రాత్రంతా ప్రయాణం చేసి, పొద్దున్నే థర్మోకోల్ పెట్టె గుమ్మంలో దిగుతుంది. పిల్లలు చుట్టూ మూగుతారు, ఫోన్లు తీస్తారు. అందర్నీ టిఫిన్లకి పంపేసెయ్. గదిలో లైట్లు తగ్గించి అప్పుడు పెట్టె తెరువు. చీకట్లోంచి ఒక్కసారి వెలుగులోకి వస్తే చేప హడలిపోతుంది. సంచిలో నీళ్ళు కాస్త పచ్చగా ఉంటాయి, చేప రంగు వెలిసి అడుగున నక్కి ఉంటుంది, మొప్పలు గబగబా ఆడుతుంటాయి. చూసి కంగారు పడకు, ప్రయాణం చేసిన ఏ చేపైనా అలాగే ఉంటుంది. సంచి మూతి విప్పకుండానే చిన్న ట్యాంకు నీళ్ళమీద పావుగంట, ఇరవై నిమిషాలు తేలనివ్వు.

మూతి విప్పాక తాత్సారం చెయ్యకూడదు, ఇక్కడే చాలామంది బోల్తా పడేది. గంటల తరబడి చుక్క చుక్కగా మన నీళ్ళు కలపాలని ఎవరో చెప్తారు, మనమూ ఓపికగా కలుపుతూ కూర్చుంటాం. చేప మన కళ్ళముందే పక్కకి ఒరిగిపోతుంది. ఎందుకంటావా? రాత్రంతా చేప ఊపిరితో సంచిలో కార్బన్ డయాక్సైడు నిండి పీహెచ్ పడిపోయి ఉంటుంది. పీహెచ్ తక్కువున్నంతసేపూ అమ్మోనియా పెద్దగా హాని చెయ్యదు. సంచి విప్పామా, ఆ గాలి పోతుంది, పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషమవుతుంది. మధ్యాహ్నం పీహెచ్ పెరిగితే చెరువులో అమ్మోనియాకి భయపడతారే, అదే లెక్క ఇక్కడ అరలీటరు నీళ్ళలో జరుగుతుంది. దూరం నుంచి వచ్చిన చేప విప్పిన సంచిలో ఎంత తక్కువసేపుంటే అంత మంచిది.

మరి సెలినిటీ సంగతో? దానికీ ఉపాయముంది. పెట్టె బయల్దేరకముందే షాపువాళ్ళకి ఫోన్ చేసి వాళ్ళ నీళ్ళ సెలినిటీ అడుగు. చాలా షాపుల్లో చేపల నీళ్ళకి ఉప్పు తగ్గించే ఉంచుతారు, 1.019, 1.020 అలాగ. మన పెద్ద ట్యాంకు 1.025 దగ్గర ఉంటుంది. ఉప్పు తగ్గితే చేప తట్టుకుంటుంది గానీ, ఒక్కసారి పెరిగితే తట్టుకోలేదు. అందుకని చిన్న ట్యాంకునే వాళ్ళ లెక్కకి దింపి పెట్టుకో. సంచి విప్పగానే రిఫ్రాక్టోమీటరు అద్దం మీద ఒక చుక్క వేసి సరిచూసుకో. మన ఊళ్ళో ఏ ఆక్వా షాపులో అడిగినా ఆ పరికరం దొరుకుతుంది, బహుశా మరిదిగారి కారు డ్యాష్‌బోర్డులోనే ఉండొచ్చు. లెక్క కలిసిందా, ప్లాస్టిక్ కప్పుతో చేపని మెల్లిగా ఎత్తి వదిలెయ్. సంచి నీళ్ళు మాత్రం సింకులోకే. తర్వాత రోజుకి ఒక పాయింటు, మహా అయితే రెండు చొప్పున ఉప్పు పెంచుకుంటూ వారంలో మన లెక్కకి తెచ్చుకో.

రొయ్యకి ఈ తొందర పనికిరాదు. ఎర్రచారల క్లీనర్ రొయ్య ఉప్పు తేడాకి మహా సున్నితం, దాని నీళ్ళు మన నీళ్ళతో సన్నటి పైపులోంచి చుక్కలుగా గంటా రెండు గంటలు కలవాలి. దాన్ని రాగి మందు వేసిన ట్యాంకు ఛాయలకి కూడా తీసుకెళ్ళకు. రెండో వారమో మూడో వారమో ఇసుకమీద తెల్లటి రొయ్య పడి ఉంటుంది. హైదరాబాదులో ఉన్న మన చుట్టాలైతే చచ్చిపోయిందని ఏడుస్తారు. అది పెంకు విడిచిందని భీమవరం వాళ్ళకి వేరే చెప్పాలా?

ఎవర్ని తెచ్చుకోవాలో కూడా మాట్లాడుకుందాం. ఉన్న నీమో జంటకి మూడోది మాత్రం తేకు. పుట్టుకతో ఆ చేపలన్నీ మగవే, గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది. ఆ ఆడదే ఇంటి పెత్తనమంతా చేస్తుంది. మూడోదాన్ని కొట్టి మూలకి తోసేస్తుంది. డోరీ అంటూ నీలం చేప అడుగుతారు పిల్లలు. అది అడుగు పొడుగు ఎదిగే చేప, మన మూడడుగుల ట్యాంకు దానికి జైలు. వద్దని చెప్పు, నీమీద కోపమొస్తే అక్క వద్దందని చెప్పు. చిన్న గోబీ చేపలూ బ్లెన్నీలూ మన ట్యాంకులకి నప్పుతాయి. నెమ్మదస్తుల్ని ముందు వదలాలి, గొడవమనుషుల్ని చివర్న. ఒకసారికి ఒకటే, మళ్ళీ రెండు మూడు వారాల దాకా ఇంకోటి వద్దు. పెద్ద ట్యాంకులోకి వదిలే రోజు సాయంత్రం లైట్లు ఆర్పి, పాతవాళ్ళకి కడుపునిండా మేత పెట్టి, రాళ్ళు ఒకటి రెండు అటూ ఇటూ మార్చు. పాత హద్దులు చెదిరిపోయి అందరూ కొత్తవాళ్ళే అయిపోతారు.

అడిగేటప్పుడు హ్యాచరీలో పుట్టిన పిల్లేనా అని అడుగు, మొహమాట పడకు. నీమోల్ని హ్యాచరీలో పిల్లలు చేయించే పద్ధతి మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) శాస్త్రవేత్తలు ఎప్పుడో సాధించారు. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ (ఎన్‌బీఎఫ్‌జీఆర్) వాళ్ళు నేర్పితే, అక్కడి ఆడవాళ్ళు అలంకార రొయ్యల్ని పెంచుతున్నారు. ట్యాంకులో పుట్టిన చేప మన మేత తింటుంది, మన మనుషుల్ని చూసి బెదరదు. సముద్రంలో పట్టింది అన్నం మొహం చూడక చిక్కి శల్యమైతే ఆ బాధ పడలేం.

పగడాల దగ్గరికొచ్చేసరికి నా గొంతు కాస్త మారుతుంది, ఏమీ అనుకోకు. పగడం రాయి కాదు, మొక్కా కాదు, ప్రాణమున్న జంతువు. రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలతో సహా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 1వ షెడ్యూల్లో ఉన్నాయి. 2001లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూలది. సముద్రపు గుర్రాలూ అంతే. మన్నార్ గల్ఫ్ నుంచో అండమాన్ నుంచో విరిచి తెచ్చిన ముక్క ఎవరైనా చవగ్గా ఇస్తామంటే, చవకని చేతులు చాచకు. పగడంతో పాటు కేసు కూడా ఇంటికొస్తుంది. అన్నట్టు, దిష్టి తగలదని ఇంద్రజాల్ అంటూ ఫ్రేము కట్టి అమ్మే నల్లటి వల లాంటిది కూడా ఈ సముద్రపు విసనకర్రే. ఎవరింట్లోనైనా గోడకి కనిపిస్తే చెవిలో వెయ్యి.

మరి మన ఆశ సంగతేమిటి? మెత్తటి పగడాలతో సరిపెట్టుకుందాం. పుట్టగొడుగులా విచ్చుకునే మష్రూమ్, వేళ్ళలా ఊగే లెదర్, చిన్న చిన్న పువ్వుల్లాంటి జోయాంతస్. అవీ బయటి దేశం నుంచి వచ్చినవైతే దిగుమతి కాగితాల నకలు, పేరు రాసిన బిల్లు అడిగి తీసుకో. ఇవ్వలేని షాపులో కొనకు. మొదటి పగడాలుగా ఇవే నయం కూడా, మన చేతి తప్పుల్ని కాస్త కాచుకుంటాయి.

జోయాంతస్‌తో ఒక్క జాగ్రత్త, ఇది నవ్వుతూ వినే మాట కాదు. వాటిలో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. చేతులకి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు లేకుండా ముట్టుకోకు. గోకడం, బ్రష్షుతో రుద్దడం చెయ్యకు. అవి అంటుకున్న రాయిమీద వేడినీళ్ళు పొయ్యడం గానీ, దాన్ని ఉడికించడం గానీ చచ్చినా చెయ్యకు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు బయటి దేశాల్లో ఉన్నాయి. చంటిపిల్లలున్న ఇంట్లో అసలు తెచ్చుకోకపోవడమే మేలని నా మాట.

పగడం వచ్చాక కూడా క్వారంటైనే, కానీ మందు వేరు. పగడాల కోసమే అమ్మే డిప్ ద్రావణంలో, సీసామీద రాసినంతసేపు ముంచి అటూ ఇటూ ఆడిస్తే, మడతల్లో దాక్కున్న చిన్న పురుగులు కిందికి రాలతాయి. తెల్లటి గిన్నెలో చెయ్యి, కనిపిస్తాయి. గుడ్లు మాత్రం డిప్‌కి చావవు. అందుకే వారం వారం మళ్ళీ చూసుకోవాలి. పెద్ద ట్యాంకులోకి వెళ్ళే రోజు ఇసుకమీద, వెలుగు తక్కువున్న చోట పెట్టు. వారం పది రోజులకొకసారి కాస్త పైకి జరుపు. పగడం ఒంట్లో ఉండే సన్నటి ఆల్గేయే దానికి చాలావరకు అన్నం పెడుతుంది. ఒక్కసారిగా వెలుగు ఎక్కువైనా, వేడెక్కినా పగడం ఆ ఆల్గేని బయటికి వెళ్ళగొట్టి తెల్లబడిపోతుంది. సముద్రంలోనూ అంతే. 2024లో లక్షద్వీప్ దిబ్బలు అలాగే తెల్లబడ్డాయి. రోజూ చోటు మార్చి చూసుకుంటూ ఉంటే మాత్రం అది విచ్చుకోదు. పెట్టి, చేతులు కట్టుకుని కూర్చో.

నీళ్ళ పరీక్షకి బయటి ఊళ్ళవాళ్ళు ఖరీదైన కిట్లు తెప్పించుకుంటారు. మనకా బాధ లేదు, వీధికో ఆక్వా ల్యాబ్ ఉంది. శుభ్రమైన సీసా నిండా, గాలి లేకుండా ట్యాంకు నీళ్ళు పట్టి పంపు. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్, ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం రాసిమ్మను. ఆల్కలినిటీ 140 నుంచి 160 పీపీఎం మధ్య ఉంటే పగడాలకి హాయి. కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1,250 నుంచి 1,350. ఇక్కడొక మెలిక ఉంది. కొన్ని ల్యాబులు కాల్షియం హార్డ్‌నెస్ అని కార్బొనేట్ లెక్కలో రాస్తాయి. అప్పుడు 1,000 పైన కనిపిస్తుంది, గాభరా పడకు. దాన్ని రెండున్నరతో భాగించుకుంటే మన లెక్క వస్తుంది.

నీళ్ళ విషయంలో పెద్దవాళ్ళు ఇచ్చే సలహా ఒకటుంది, పేరుపాలెం బీచికెళ్ళి రెండు క్యాన్లు పట్టుకురమ్మని. గోదారి కలిసే తీరమమ్మా అది, బురద ఒక రోజు, తీపినీళ్ళు ఒక రోజు. వద్దు. ఆర్వో నీళ్ళు, ట్యాంకుల కోసం అమ్మే సముద్రపు ఉప్పు, లీటరుకి సుమారు 35 గ్రాములు. వంటింటి కల్లుప్పు వేస్తే అది ఒట్టి ఉప్పు, సముద్రం కాదు. ఆవిరై తగ్గిన నీళ్ళకి మాత్రం ఉప్పు కలపని ఆర్వో నీళ్ళే పొయ్యాలి, ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు.

ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. చెరువు దగ్గర్నుంచి తాజా రొయ్య వచ్చింది కదా అని పచ్చి ముక్క ట్యాంకులో వెయ్యకు. వనామీకి వచ్చే వైట్ స్పాట్ వైరస్ మన ఎర్రచారల రొయ్యకీ అంటుతుంది, ఫ్రిజ్‌లో పెట్టినా చావదు. ఉడికించి వెయ్యి. ట్యాంకు నీళ్ళు కూడా మురుగులోకే, కాలవలోకి కాదు. మరిదిగారు చెరువు నుంచి వచ్చి, బ్లీచింగు అంటిన చేతుల్తో ట్యాంకులో రాయి సర్దబోతే నిర్మొహమాటంగా ఆపు.

మే నెల ఎండల్లో కొత్తవాటిని తెప్పించకు. దారిలో వేడి, ఇంట్లో వేడి, పైన కరెంటు కోత. ఫ్యాన్ గాలి నీళ్ళమీదకి పెడితే కాస్త చల్లబడుతుంది గానీ, మన డెల్టా ఉక్కలో అది ఎంతో సాయం చెయ్యదు, నీళ్ళని చల్లబరిచే చిల్లర్ యంత్రమో ఏసీ గదో ఉండాలి. ఇన్వర్టరు మీద ముందు నీళ్ళు తిప్పే మోటారు, గాలి మోటారు ఉండాలి, లైట్లు చివర. సంక్రాంతికీ వద్దు. పందేలకొచ్చిన చుట్టాలు, వాళ్ళ పిల్లలు, అద్దంమీద టకటకలు, ఎవరు ఎంత మేత వేశారో తెలియదు. పండగ వెళ్ళి ఇల్లు సద్దుమణిగాక, ఫిబ్రవరి మొదట్లో మంచి సమయం.

ఇంత చేసినా ఒక్కోసారి పోతుంది చెల్లాయ్. అప్పుడు మూడు రోజులు అన్నం మానేసి నిన్ను నువ్వు తిట్టుకోకు. ఆ పూటే నీళ్ళు పట్టి ల్యాబుకి పంపు, మిగిలినవాళ్ళని చూసుకో, ఎవరైనా నవ్వితే నవ్వనీ.

ఈ లోపు నీకు చెప్పే పని ఒక్కటే. స్పాంజి రేపే ఫిల్టర్లో పడెయ్. నెల తిరిగాక చిన్న ట్యాంకు నడిపి, రెండు ట్యాంకుల నీళ్ళూ ల్యాబుకి పంపు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అని కాగితం చేతికొస్తేనే షాపుకి ఫోన్ చెయ్యి. సున్నా కాకపోతే ఇంకో రెండు వారాలు ఆగి, మళ్ళీ పంపు.